ఇంటిమోటరు తొవ్వ అడగలేదు

మీ ఇంట్లో ఒకరికి ప్రాణం మీదికి వస్తే, ఆసుపత్రికి బయలుదేరే ముందు మీరు ఎవరి అనుమతి అడుగుతారు? నిజం చెప్పండి. నేను మీ ఎదుట లేను కాబట్టి నా మర్యాద కోసం అబద్ధమాడవలసిన పని లేదు. పోయిన నెల ఈ ప్రశ్న నా సొంత ఇంట్లోనే నాకు ఎదురైంది. హైదరాబాదులో నా మనుమరాలు కాన్పుకు చేరింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని, వెంటనే ఆపరేషన్ చేయాలని చెప్పి సంతకానికి కాగితం చాపింది. మనుమరాలి భర్త ఆ కాగితం అందుకోలేదు. బ్యాంకుల కంప్యూటర్లలో తప్పులు వెదికి సరిచేయడం అతని ఉద్యోగం. ఫోను చెవికి ఆనించుకుని అవతల ముహూర్తాలు చెప్పే మనిషి మాట వింటూ, "అమ్మమ్మా, ఇంకో ముప్పావుగంట ఆగితే నక్షత్రం మారుతుందట. రిస్కు ఎందుకు?" అన్నాడు. లోపల మంచం మీద ఉన్న మనుమరాలికి ఆ మాట వినబడింది. "కాగితం నాకే ఇవ్వండి, కడుపు నాది" అని తానే సంతకం చేసింది. తల్లీబిడ్డా బతికారు. మూడో రోజు ఆ అబ్బాయి మిఠాయి పంచుతూ, "ఆయన ముందే చెప్పారు అమ్మమ్మా, చిన్న గండం ఉంది, దాటిపోతుందని" అన్నాడు. కత్తి పట్టిన డాక్టరమ్మకు దక్కని పేరు ఫోనులో మాట్లాడినవాడికి దక్కింది. మూఢనమ్మకాల మీద యాభై ఏళ్లు సభల్లో గొంతు చించుకున్న నేను ఆ మిఠాయి ముక్కను చేతిలో పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. నాకు మా అక్క గుర్తుకు వచ్చింది. ఆమె పోయిన తరువాత కదిలిన మా ఇంటిమోటరు గుర్తుకు వచ్చింది. వయసు మీద పడితే కోపం చల్లారుతుందంటారు. నాది చల్లారలేదు. చల్లారనివ్వను.

మా ఊరు మక్తల్‌కు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. మహబూబ్‌నగర్‌ను మేము పాలమూరు అనే అంటాము. పెద్ద దవాఖాన అక్కడే ఉండేది. మాది నేత ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి ఇల్లు నడిపింది మా అవ్వ, అంటే నాయిన తల్లి. తెల్లవారకముందే లేచి పెద్ద కుండలో జొన్న గంజి కాచేది. నిన్నటి గంజి కొంచెం కలిపితేనే పోగు బిగుస్తుందని ఆమె నమ్మకం. అందువల్ల మా గోడలకు, చాపలకు, మా జుట్టుకు కూడా ఎప్పుడూ ఒక పులిసిన వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకునేవారు. ఎండ ముదరకముందే ఇంటి వెనుక పొడవాటి జాగాలో నాయిన పడుగు సాగదీసి, గంజి పట్టించి, చేతికి మించిన పెద్ద కుంచెతో ఆ చివరి నుంచి ఈ చివరికి దువ్వుకుంటూ వచ్చేవాడు. ఆ చప్పుడు ఆగిందంటే మేము లేవవలసిన వేళ దాటిపోయిందని అర్థం. అవ్వకు అక్షరం రాదు. ఆమె జ్ఞాపకమంతా దారాల్లో ఉండేది. ఏ పడుగు ఎవరిది, ఏ చీర ఏ పెళ్లికి కావాలి, మేక ఏ వారం ఈనుతుంది, అన్నిటికీ ఒక రంగు దారం, దానికి ఇన్ని ముళ్లు. నడుముకు దోపిన కొంగుకు ఎప్పుడూ పది పన్నెండు దారాలు వేలాడుతుండేవి. "అవ్వా, నీ కొంగు తహసిల్ కచేరి అయింది" అని అక్క నవ్వేది. నవ్వుతూనే వాటిని చదవడం నేర్చుకుంది. పుస్తకాలు చదివే నాకు దారాలెందుకని నేను నేర్చుకోలేదు.

పడుగు జాగా చివర చింతచెట్టు కింద ఇంటిమోటరు నిలబడి ఉండేది. నా చిన్నతనంలో కృష్ణ ఒడ్డున నీటి కొలతలు తీయడానికి వచ్చిన ఒక ఇంజనీరు అందులోనే కాపురం ఉండేవాడు. లోపల ఒకదాని మీద ఒకటిగా రెండు పడకలు, గోడకు మడిచిపెట్టే బల్ల, చేతులు కడుక్కునే చిన్న తొట్టి, పొయ్యికి ఒక అర, కిటికీలకు దోమల జాలీ. ఇల్లూ మోటరూ ఒకటే కాబట్టి ఊరంతా దాన్ని ఇంటిమోటరు అన్నది. ఇంజను మొరాయించిన రోజున ఆయన దాన్ని ఎడ్లతో మా జాగాలోకి లాగించి, పదిహేను రోజుల్లో మనిషిని పంపుతానని నాయినకు చెప్పి వెళ్లాడు. ఆయనకు ఎక్కడికో బదిలీ అయింది. మనిషి రాలేదు. ఏళ్ల వానలకు తుప్పు పట్టి బండి ఇటుక రంగుకు తిరిగింది. ముందు సీటులో మా కోడి గుడ్లు పెట్టేది, పై పడకలో గబ్బిలాలు కాపురం పెట్టాయి. తలుపు తీస్తే రెట్టల ఘాటు, తడి ఇనుము వాసన కలిసి ముఖానికి కొట్టేవి.

ఊరికి పడమట చిన్న గుట్ట ఉంది. దాని కింద ఇల్లు కట్టుకుని తాయెత్తులు కట్టే మనిషిని అందరూ గుట్ట సామి అనేవారు. ఆ ఇంజనీరు పై పడకలోనే నెత్తురు కక్కుకుని చచ్చాడని, బండి ఎక్కినవాళ్లను తన వెంట తీసుకుపోతాడని ఆయన ప్రకటించాడు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని దయ్యం చేయడానికి ఒక్క మాట సరిపోయింది. మక్తల్‌లో బస్సు నడిపి మానేసిన ఖాసిం మామ నాయినకు చిన్ననాటి దోస్తు. "ఇంజను మంచిగనే ఉన్నది, తుప్పు వదిలిస్తే నడుస్తది" అని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. ప్రతిసారీ అవ్వ వద్దని చేతులు జోడించింది. నాయిన ఊరుకున్నాడు.

గుట్ట సామి బలం తాయెత్తుల్లో లేదు, దారిలో ఉంది. మా ఊరిలో రోగిని పొలిమేర దాటించాలంటే ముందు ఆయన దగ్గర తొవ్వ, అంటే దారి, అడగాలి. ఆయన ఇత్తడి పళ్లెంలో గుప్పెడు జొన్నలు వేసి, రెండేసి చొప్పున పక్కకు జరుపుతాడు. సరి వస్తే తొవ్వ ఉన్నట్టు. బేసి వస్తే లేనట్టు. మర్నాడు మళ్లీ వచ్చి అడగాలి. సామి నోటి నుంచి సరి అన్న మాట రానిదే ఊళ్లో ఎవరూ ఎడ్లను కాడికి కట్టరు. నొప్పి ఎవరిదైనా, గడియ ఆయనది.

అక్క పేరు లక్ష్మి. తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఒకటిన్నర రోజు నొప్పులు పడింది. చివరికి మంత్రసాని చేతులు కడుక్కుని, "నా తోని కాదు, పాలమూరు తీస్కపోండ్రి" అన్నది. మక్తల్ దాకా బండి, అక్కడి నుంచి బస్సు. నాయిన బండి కోసం పోయాడు, తొవ్వ అడగడానికి నేను పోయాను. అవును, నేనే. నాకప్పుడు పదిహేడేళ్లు. గ్రంథాలయంలో ఆదివారం జరిగే చర్చల్లో విధి గొప్పదా, మనిషి యత్నం గొప్పదా అన్న విషయం మీద మాట్లాడి మీసాలున్నవాళ్ల నోళ్లు మూయించిన పిల్లను. సామి జొన్నలు వేశాడు. బేసి. "ఇంకోసారి సూడు సామీ" అన్నాను. మళ్లీ వేశాడు. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లకు జంటలు లెక్కపెట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. చూపు పడగానే పోగులు రెండేసిగా విడిపోయి కనబడతాయి. పళ్లెంలో పడ్డవి సరి. జరుపుతూ జరుపుతూ ఆయన ఒక గింజను బొటనవేలి గోటి కింద దాచాడు. పళ్లెంలో ఒంటి గింజ మిగిలింది. ఏటా నేతవాళ్లు గుట్ట జెండాకు గుడ్డ నేసి ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఏడు నాయిన నేయలేదు. సామి అది మరచిపోలేదు. "పొద్దుగాల రా బిడ్డా" అన్నాడు. నేను గోరు చూశాను, గింజ చూశాను, నోరు తెరవలేదు. తల వంచుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున సరి వచ్చింది. బండి ఊరు దాటకముందే అక్క పోయింది, కడుపులో బిడ్డ కూడా పోయింది. ఆమె తల నా ఒళ్లోనే ఉంది. గోరు ఆయనది, మౌనం నాది. నా వంతును ఈ రోజు దాకా నేను ఎవరి మీదికీ తోయలేదు. ఆయన వంతును కూడా ఆయన మీద నుంచి ఎన్నడూ దించలేదు.

కర్మకాండ అయిన మర్నాడు నాయిన చింతచెట్టు కిందికి పోయి, కోడిని సీటు మీద నుంచి దింపి, తలుపు తెరిచిపెట్టాడు. ఆ వేసవిలోనే సర్కారువాళ్లు బండిని ఇనుప తుక్కు కింద వేలం వేయడానికి వచ్చారు. దయ్యానికి జడిసి ఎవరూ పాట పాడలేదు. నాయిన ఒక్కడే పాడాడు. అవ్వ గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఏం జేస్తవు రా దాన్ని?"

"నడిపిస్త."

"యాడికి?"

"పాలమూరుకు. సామి ఇంటి ముంగట్నుంచి."

నాయిన మాటలు తక్కువ మనిషి. అక్క పోయిన తరువాత ఆయన అంత మాట్లాడడం అదే మొదలు. అవ్వ లోపలికి పోయి చింతపండు కుండ ఎత్తుకొచ్చి బండి పక్కన దించింది. "ఊకె గీకితే పోదు. తుప్పు చింతపండుకే వదుల్తది" అన్నది. దయ్యం గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు.

మోటరు బాగుచేయాలంటే షెడ్డు కావాలి. మాకు షెడ్డు లేదు. మాకు తెలిసింది మగ్గం. నేతగాడు కూర్చుని కాళ్లు వేలాడదీసి తొక్కే గుంట మా ఇంట్లో తరతరాలుగా ఉంది. అలాంటిదే, అంతకు మూడింతలది, నాయిన బండి కింద తవ్వాడు. ఖాసిం మామ అందులో దిగి పని చేసేవాడు. "గిట్ల కూసుంటే నాకు గూడ ఒక చీర నేయబుద్ధయితాంది" అని కింద నుంచి గొంతు వినబడేది. పులిసిన గంజి, చింతపండు, ఇటుక పొడి కలిపి కొబ్బరి పీచుతో అవ్వా నేనూ రుద్దేవాళ్లం. రోజంతా రుద్దితే చాపెడు జాగా తేలేది. వేళ్లు పగిలి, ఆ పగుళ్లలోకి పులుపు దిగి, అన్నం కలుపుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. నాకు అలుపు రాలేదు. నేను రుద్దుతున్నది రేకును కాదు, ఒక బొటనవేలి గోటిని. బిగుసుకున్న బోల్టుల మీద కిరసనాయిలు చుక్కచుక్కగా పోసి మూడు నాలుగు రోజులు ఆగి, అప్పుడు పానా వేసేవాళ్లం. ఒక పొద్దున వచ్చి చూస్తే నాలుగు చక్రాల దగ్గరా పసుపు కుంకుమ పూసిన నిమ్మకాయలు ఉన్నాయి. ఎవరు పంపారో చెప్పవలసిన పని లేదు. ఖాసిం మామ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. అవ్వ నాలుగింటినీ ఏరి, కొడవలితో కోసి, ముందు రేకు మీద పిండి, "నిమ్మకాయ చింతపండు కన్న మంచిగ పని జేస్తాంది. ఇంకిన్ని పంపుమని చెప్పుండ్రి" అన్నది. తరువాత నిమ్మకాయలు రాలేదు.

ఇంజను విప్పే రోజున మామ తటపటాయించాడు. షెడ్డులో అయితే పది చేతులు, పది జ్ఞాపకాలు ఉంటాయి. ఇక్కడ ఏ ముక్క ఎక్కడిదో తానొక్కడే గుర్తుంచుకోవాలి. "నువ్వు ఇప్పు, నేను ముడేస్త" అన్నది అవ్వ. ఒక నట్టు, దాని బోల్టు, వాటి కింది బిళ్ల, అన్నిటికీ ఒకే రంగు దారం. ఎన్నోదిగా విప్పారో అన్ని ముళ్లు. పాత జంపఖానా మీద వరుసగా పరిచి, పైన అక్క పాత చీర కప్పేది. నెలల తరువాత బిగించే రోజున మామ గుంటలో నుంచి ఒక ముక్క పైకెత్తి, "గిది యాడిది అవ్వా?" అంటే, ఆమె కళ్లు చిట్లించి, "ఎర్రది, ఏడు ముళ్లు. నల్లదాని ఎన్కది" అనేది. ఒక చోట మాత్రం ఆమె తప్పిందని మామ పట్టుబట్టాడు. విప్పి చూస్తే తప్పు మామదే.

"ఖాసిమూ, సర్కారు బస్సు ఎట్ల నడిపినవు రా?" అని అవ్వ అడిగింది.

"దారాలు లేకుంటనే నడిపిన. గందుకే నౌకరి ఊడింది" అన్నాడు మామ.

పైకప్పు చిల్లులు పడి జల్లెడ అయింది. దాని మీదికి నాయిన దొడ్డు నూలుతో నాలుగు పొరల గుడ్డ నేశాడు. ఇక్కడే మేము నేతవాళ్లు మాత్రమే చేయగల తప్పు చేశాం. గుడ్డ బిగువుగా నిలబడాలంటే మాకు తెలిసిన మందు ఒక్కటే, గంజి. చింతగింజల పిండి కలిపి చిక్కగా కాచి మూడు పూతలు పట్టించాం. ఎండకు ఆరి, వేలితో కొడితే డప్పులా మోగింది. మురిసిపోయాం. మర్నాడు సంతకు పోయి వచ్చేసరికి నాలుగు మేకలు బండి ముక్కు మీద నుంచి పైకెక్కి, కప్పు సగం తిని, మిగతా సగం నెమరు వేస్తున్నాయి. అవి పక్కింటి బీరమ్మవి. బీరమ్మ గొర్లు కాచే కుర్మ ఇంటి కోడలు, నాకన్నా రెండేళ్లు పెద్దది, నోరు చాలా పెద్దది. నేను కొట్లాటకు పోతే ఆమె కర్ర భుజాన వేసుకుని నిదానంగా వచ్చింది. "నేనేం జేతు సత్తెమ్మా? మీరు గంజి కాసి వడ్డిచ్చిండ్రు, అవి తిన్నయి. జర ఉప్పు తక్కువైందంట." నాయిన నవ్వాడు. అక్క పోయిన తరువాత ఆయన నవ్వడం నేను చూడలేదు. మళ్లీ మగ్గం ఎక్కి ఇంకో గుడ్డ నేశాడు. ఈసారి ఆముదం, మైనం పూశాం. మేకలు వాసన చూసి వెళ్లిపోయాయి.

ఎనిమిది నెలలు పట్టింది. ఇంజను మొదటిసారి దగ్గినప్పుడు చింతచెట్టు మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఊళ్లో సగం మంది దూరంగా నిలబడి చూశారు, ఎవరూ దగ్గరికి రాలేదు. పది రోజులు బండి అట్లాగే ఎక్కేవాళ్లు లేక నిలబడింది. పదకొండో రోజు పొద్దున బీరమ్మ భర్త పరుగున వచ్చాడు. ఆమెకు నెలలు నిండాయి. నిన్నటి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పింది. "తొవ్వ అడిగొస్త, అందాక బండి తయారు వెట్టుండ్రి" అన్నాడు. నాయిన అతని భుజం పట్టుకుని, "అడుగుడు లేదు. ఎక్కించు" అన్నాడు. దయ్యం పడక మీద పడుకోనని బీరమ్మ అంటుందేమోనని నేను భయపడ్డాను. ఆమె పళ్లు బిగించి ఒక్కసారి లోపలంతా చూసి, "దయ్యం పై పడక మీద గద. నాకు కింది పడక ఇయ్యుండ్రి" అన్నది. అవ్వ ఆమె పక్కన కూర్చుంది. నేను ముందు సీటులో, ఖాసిం మామకు, నాయినకు మధ్య కూర్చున్నాను.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. పెద్ద సడకు చేరడానికి మా ఊరి నుంచి రెండు దారులు. ఒకటి మా నేతవాడ మీదుగా నేరుగా పోతుంది. రెండోది గుట్ట ముందు నుంచి, వాగు దాటి, చుట్టు తిరిగి పోతుంది. మామ నేరు దారికి చక్రం తిప్పుతుంటే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"గుట్ట తొవ్వల పోనియ్యి మామా."

"ఎందుకు బిడ్డా? వాగుల ఇసుకున్నది."

"ఆయన సూడాలె."

మామ నాయిన వైపు చూశాడు. నాయిన వద్దంటే అయిపోయేది. నాయిన తల ఊపాడు. మా ఇద్దరి కడుపులో ఒకటే మంట. వెనుక పడక మీద ఒక ఆడది ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంది. మేము మా పగను ఊరేగించడానికి బయలుదేరాం. గుట్ట దగ్గరికి రాగానే మామ చేతి మీద చెయ్యి వేసి హారను నేనే నొక్కాను.

వాగు మధ్యలో వెనుక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. సామి అరుగుకు అక్కడి నుంచి ఇరవై అడుగులు. అరుగు మీద పది పన్నెండు మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒక్కడు లేవలేదు. మామ ఎంత తొక్కితే చక్రం అంత లోతుకు పోయింది. సామి తీరిగ్గా పళ్లెం ముందు పెట్టుకుని, "తొవ్వ అడుగు. అడిగితే మావోళ్లు నూకుతరు" అన్నాడు. నేను దిగాను. అక్క నొప్పులు పడ్డనాడు మూసుకున్న నోరు అప్పుడు తెరిచాను. పళ్లెంలో సరి పడిందని, గోటి కింద గింజ దాచావని, నా కళ్లతో చూశానని అందరి ముందూ చెప్పాను. జనం మండిపడతారని, ఆయన ముఖం మాడిపోతుందని ఊహించుకున్నాను. ఒకడు బీడీ నుసి దులిపి, "చదువుకున్న పోరి. లెక్కలు మంచిగొస్తయి" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. వాదన నేను గెలిచాను. బండి ఇసుకలోనే ఉంది.

లోపలి నుంచి బీరమ్మ గొంతు వచ్చింది. నొప్పికీ నొప్పికీ మధ్య, ఊపిరి అందక, ఒక్కొక్క మాట విడదీసి అన్నది. "సత్తెమ్మా, నీ కొట్లాట నేను కన్నంక వెట్టుకో. ముందు బండి కదుల్పు."

నా జీవితంలో నన్ను ఓడించిన మాట అదొక్కటే. నేను అరుగు వైపు నడిచాను. అడగడానికే నడిచాను, దాచుకోను. "తొవ్వ ఇయ్యి సామీ" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. అప్పుడు ఇంటి లోపలి నుంచి సామి భార్య బయటికి వచ్చింది. చేతులకు రొట్టెల పిండి అంటుకుని ఉంది. అంతవరకు ఆమె గొంతు నేను వినలేదు, ఊళ్లో విన్నవాళ్లు కూడా కొద్దిమందే. ఆమె మొగుడిని దాటి, నన్ను దాటి, వాగులోకి దిగి, చీర ఎగదోపి, బండి వెనుక భుజం ఆనించింది.

"ఏందే, లోపల్కి పో" అన్నాడు సామి.

ఆమె తిరిగి చూడలేదు. "మన బిడ్డకు గూడ బేసే వచ్చింది గద" అన్నది.

వాళ్లకొక కూతురు ఉండేదని, జ్వరంతో పోయిందని అందరికీ తెలుసు. కన్న తండ్రే ఆమెకు కూడా గింజలు వేశాడని మాత్రం ఎవరికీ తెలియదు. అరుగు మీద నవ్వు ఆగిపోయింది. ఆమె మగవాళ్ల వైపు చూసి, "సూస్తరేంది? మిమ్మల్ని మీ అమ్మలు కనలేదా? నూకుండ్రి" అన్నది. మొదట అవ్వ బండిలో నుంచి దిగి ఆమె పక్కన భుజం పెట్టింది. వాగులో బట్టలు ఉతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. బీడీవాడు లేచాడు. వాడి వెనుక ఒక్కొక్కరే అరుగు దిగారు. నాయిన కిటికీ పరదాలు లాగి, తన తువ్వాలు తీసి, చక్రాల కింద పరిచాడు. బండి ఊగి, ఊగి, బయటపడింది. పళ్లెం ముందు సామి ఒక్కడే మిగిలాడు.

పాలమూరు దవాఖానలో బీరమ్మకు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోదురని డాక్టరు చెప్పాడు. వాగులో పోయిన ఆ సేపు నాది. ఒకవేళ బీరమ్మ పోయి ఉంటే, గింజలు వేసినవాడికీ నాకూ తేడా ఏమిటని అడిగే హక్కు ఆమె బిడ్డకు ఉండేది. ఆ తరువాత బండి ఎన్నిసార్లు పోయినా నేరు దారినే పోయింది. హారను నేను మళ్లీ ముట్టలేదు.

అంత మాత్రాన పగ వదిలానని అనుకోకండి. సభల్లో కొందరు మెత్తటి మనుషులు, "ఆయనను క్షమించారా అమ్మా?" అని అడుగుతుంటారు. లేదు. ఆ రోజు నుంచి మా ఊళ్లో తొవ్వ అడిగేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. రెండు వానాకాలాలు గడిచేసరికి సామి అరుగు ఖాళీ అయింది. ఆయన వెంటనే చావలేదు, చాలా ఏళ్లు బతికాడు. నాకు అది సంతోషం. ఖాళీ అరుగు మీద కూర్చోవడానికి మనిషికి చాలా ఏళ్లు కావాలి. పని లేకపోయినా నేను ఆ దారిన నడిచిపోయేదాన్ని. పళ్లెం కిలుం పట్టింది. ఆయన నా వైపు చూసేవాడు కాదు, నేను చూసేదాన్ని. తృప్తిగా చూసేదాన్ని. ఇది గొప్ప గుణం కాదని నాకు తెలుసు, కానీ జ్ఞాపకాలు రాయడానికి కూర్చుని మంచిదాన్నని అనిపించుకోవడానికి అబద్ధం రాయను. ఇంటిమోటరు ఇంకా కొన్నేళ్లు నడిచి, ఇంజను అరిగిపోయి, తుక్కు కింద పోయింది. దానికి దండ వేసి దణ్ణం పెడదామని ఊళ్లో ఎవరో అంటే నేనే అడ్డుపడ్డాను. అది ఇనుము. చేతనైన పని చేసింది, అరిగింది. దాన్ని కూడా దేవుణ్ణి చేస్తే ఇంకొకడు దాని ముందు పళ్లెం పెట్టుకుని కూర్చుంటాడు.

ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎక్కువ కోపం వచ్చేది ఈ కాలం మీదనే. మాకు అప్పుడు సడకు లేదు, డాక్టరు లేడు, మా అవ్వకు అక్షరం లేదు. అక్షరం లేని ఆ ముసలమ్మ దయ్యం నిమ్మకాయలతో తుప్పు తోమింది. ఇప్పుడు పిలిస్తే వాకిట్లోకి అంబులెన్సు వస్తుంది, డాక్టరమ్మ కాగితం చాపి నిలబడుతుంది, పట్టా పుచ్చుకున్న అబ్బాయి నక్షత్రం మారేదాకా ఆగుదామంటాడు. నా శత్రువు ఒక మనిషి అనుకుని నేను చాలా ఏళ్లు గడిపాను. అరుగు ఖాళీ చేయిస్తే చాలనుకున్నాను. ఆ అరుగు ఇప్పుడు ప్రతివాడి జేబులో ఉంది, మోగుతోంది, పలుకుతోంది. దానికి గోరు కూడా అక్కరలేదు, ఎందుకంటే గింజలు ఎవరూ లెక్కపెట్టడం లేదు. మా కాలంలో అడగకపోతే ఎడ్లు కట్టేవాళ్లు లేరు, అందుకని అడిగారు. మీరు ఎవరూ ఆపకుండానే ఆగుతున్నారు.

అందువల్ల నాకు మీ మెప్పు వద్దు, మీ కన్నీళ్లు కూడా వద్దు. ఈ పుస్తకం మూయండి. మీ ఇంట్లో ఉన్నవాళ్లందరినీ ఈ రోజే ఒక చోట కూర్చోబెట్టండి. "నాకు ప్రాణం మీదికి వస్తే గడియ కోసం ఎవరినీ అడగవద్దు, నన్ను నేరుగా తీసుకుపోండి" అని గట్టిగా చెప్పండి. అదే మాట వాళ్ల నోటితో తిరిగి చెప్పించండి, మీ అత్తగారి చేత, మీ కొడుకు చేత, మీ అల్లుడి చేత. ఎవరైనా నవ్వితే నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్లీ చెప్పించండి. తరువాత ముహూర్తాలు చెప్పే ఆ మనిషి నంబరు ఎవరి ఫోనులో ఉందో అడగండి. బయటికి తీయించండి. మీ కళ్ల ముందే చెరిపించండి.